రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు
తరగతి గది విడిచి ప్రధానాచార్యుని కుర్చీలో కూర్చుండిన ఒక ఉపాధ్యాయుని జీవితము



గత మాసములో ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మన సంఘములోని ఉపాధ్యాయుడొకడు మా యింటి అరుగుమీద చాలసేపు కూర్చుండెను. పదునెనిమిది సంవత్సరములుగా పిల్లలకు లెక్కలు చెప్పుచున్నవాడు. ఇప్పుడతనికి ప్రధానోపాధ్యాయ పదవి వచ్చినది. సంతోషించవలసిన సమయమున అతని ముఖము చిన్నబోయి యుండెను. తాను సుద్దముక్క పట్టినవాడే గాని కాగితములు నడుపువాడు కాడనియు, ఇకమీదట మధ్యాహ్న భోజనపు బియ్యము, హాజరు పట్టీలు, కంప్యూటరులో ఎక్కించి పైవారికి పంపవలసిన పట్టికలు, ఇవే తన బ్రతుకగుననియు, పిల్లల ముఖములు చూచు తీరిక దొరకదనియు చెప్పెను. ఆ పదవి వద్దని వ్రాసి యిచ్చుట మంచిదేమో చెప్పుడని మమ్మునడిగెను. మా యింటివారు తెచ్చిన టీ అతని చేతిలోనే చల్లారిపోయెను.

మేమప్పుడు సరియైన జవాబు చెప్పలేకపోతిమి. ప్రార్థన చేసి పంపివేసితిమి. ఆ రాత్రి మాకు గుర్తునకు వచ్చినది, వేదాంత పాఠశాలలో చదువుకొను దినములలో మా గురువులు చెప్పిన ఒక మనుష్యుని సంగతి. ఈ మాసము ఆయన జీవితమునే మీ యెదుట ఉంచుచున్నాము. ఆయన పేరు రఘుపతి వెంకటరత్నము నాయుడుగారు.

ముందుగా ఒక మాట చెప్పుట న్యాయము. ఆయన క్రైస్తవుడు కాడు. బ్రహ్మసమాజమువారు. విగ్రహములు లేక ఒక్క దేవుని ఆరాధించిన సమాజమది. మిషను కళాశాలలో చదివిరి, మిషను కళాశాలలో పాఠము చెప్పిరి, అయినను బాప్తిస్మము పొందలేదు. ఆయనను మనవాడని చెప్పుకొనుటకు మేము పూనుకొనము. అయితే నిర్గమకాండము పదునెనిమిదవ అధ్యాయము చదివినవారికి తెలియును. ఉదయము మొదలు సాయంకాలమువరకు ఒక్కడే కూర్చుండి ప్రజల తగవులు తీర్చుచు అలసిపోవుచున్న మోషేకు, పనిని పంచుకొని నడిపించు విధము నేర్పినది ఎవరు? మిద్యాను యాజకుడైన యిత్రో, మోషేకు మామ. ఇశ్రాయేలీయుడు కాడు. మోషే ఆ మాట విని ఆ ప్రకారము చేసెను, చిన్నతనముగా భావింపలేదు. మనమును ఆ విధముగానే ఈ జీవితమును చూడవచ్చును.

చర్లవారికి కాకినాడ దూరపు ఊరని ఇప్పటి పిల్లలు అనుకొందురు. మన పెద్దలకు అట్లు కాదు. 1959వ సంవత్సరమువరకు మన నూగూరు తాలూకా, భద్రాచలము తాలూకాతో కూడ తూర్పు గోదావరి జిల్లాలోనే యుండెను. ఆ సంవత్సరముననే ఖమ్మము జిల్లాలో కలిపిరి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడగా అందులోనికి వచ్చితిమి. అంతకుముందు కలెక్టరు కచ్చేరి పని యున్నయెడల కాకినాడకే పోవలెను. గోదావరిమీద పడవలో పాపికొండల నడుమనుండి రాజమండ్రి చేరి, అచ్చటనుండి రైలుమీద పోయిన సంగతి పెద్దలు చెప్పగా మీలో కొందరు వినియుందురు. నాయుడుగారు తమ జీవితములోని పెద్ద పని చేసినది ఆ కాకినాడలోనే గనుక, ఆయన పరాయి జిల్లా మనిషి కాడు.

ఆయన 1862 అక్టోబరు 1న బందరులో పుట్టిరి. తండ్రి అప్పయ్య నాయుడుగారు సైన్యములో సుబేదారు. తండ్రి ఉద్యోగమునుబట్టి బాల్యము ఉత్తర దేశమున గడిచెను గనుక, తెలుగు బిడ్డయైనను హిందీ, ఉర్దూ, పారశీక భాషలు చిన్ననాడే పట్టువడెను. పిమ్మట హైదరాబాదులో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చేరిరి.

ఆ కళాశాలలో విలియం మిల్లరు దొరగారను స్కాట్లండు మిషనరీ యుండిరి. వారు మద్రాసునకు వచ్చినది 1862లోనే, అనగా మన నాయుడుగారు పుట్టిన సంవత్సరముననే. మిల్లరు దొరగారి సంగతి కొంచెము చెప్పవలెను, ఏలయనగా నాయుడుగారి తరువాతి నడవడికి మూలము అచ్చట కనబడుచున్నది. వారు కళాశాలకు ప్రధానాచార్యులు. ధనము కూర్చుట, కట్టడములు లేపుట, ప్రభుత్వముతో ఉత్తర ప్రత్యుత్తరములు, ఇదంతయు వారి నెత్తిమీదనే యుండెను. ఊరుగాని ఊరు వచ్చిన పిల్లలకు వసతిగృహములు కట్టించుటలో ఆ పట్టణమందు ముందు నడిచినవారు వారే. అయినను తరగతికి పోయి షేక్స్పియరు నాటకములు చెప్పుట మానలేదు. వాటినిగూర్చి పుస్తకములు సహితము వ్రాసిరి. కచ్చేరి పనియు తరగతి పనియు ఒక్క మనుష్యునిలో ఇముడునని నాయుడుగారు పుస్తకములో చదువలేదు, కన్నులార చూచిరి.

చదువుకాలముననే ఆయన బ్రహ్మసమాజములో చేరిరి. ఎం. ఏ. పట్టము పొంది మద్రాసులో పచ్చయప్ప కళాశాలలో ఉపాధ్యాయులైరి. 1889లో భార్య మరణించెను. ఆయనకప్పటికి ఇంకను ముప్పది యేండ్లు నిండలేదు. మరల వివాహము చేసికొనలేదు. నాటినుండి జీవితాంతము తెల్లని వస్త్రములే ధరించిరి. ఆ దినములలో గొప్పవారి యిండ్ల పెండ్లిండ్లలో భోగము మేళములు పెట్టించుట గౌరవమనుకొనెడివారు. ఆయన ఆ ఆచారమును బహిరంగముగా ఖండించి, అట్టి సభలకు పోరాదని విద్యావంతులకు బోధించి, సాంఘిక పవిత్రతనుగూర్చిన ఉద్యమము నడిపించిరి.

తరువాత బందరు నోబుల్ కళాశాలకు ఆంగ్లము చెప్పుటకు వచ్చిరి. ఈ నోబుల్ దొరగారెవరో పాత సంఘస్థులకు చెప్పనక్కరలేదు. రాబర్టు నోబుల్ అను చర్చి మిషను బోధకుడు 1843 నవంబరు 21న బందరులో ఇంగ్లీషు పాఠశాల తెరచి, ఇరువది రెండు సంవత్సరములు అచ్చటనే పాఠము చెప్పి, స్వదేశమునకు ఒక్కమారైనను తిరిగి పోక, 1865లో ఆ ఊరిలోనే నిద్రించెను. ప్రాణము పోవువరకు ఉపాధ్యాయుడు. అట్టి జీవితమునుబట్టి దేవుని స్తుతింపవలసినదే. అయినను ఆయన ఆ పాఠశాల తెరచినది ముఖ్యముగా పెద్ద కులములవారి పిల్లలకొరకు. మన తాతలవంటి వారికి మొదటి కాలమున అందులో చోటు లేకుండెను. ఈ సంగతి వ్రాయుట మాకు కష్టముగానున్నది. నిజము గనుక వ్రాయుచున్నాము.

నోబుల్ కళాశాలలో నాయుడుగారి పాఠము విన్నవారిలో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు, ముట్నూరి కృష్ణారావుగారు, కోపల్లె హనుమంతరావుగారు కలరు. ఈ ముగ్గురును కలిసి పిమ్మట 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించిరి. ఒక ఉపాధ్యాయుని తరగతినుండి మరియొక విద్యాలయము పుట్టెనన్నమాట. ఇట్టి తరగతి చేతిలోనుండగా దానిని విడిచి పోవుటకు ఎవరికి మనసు వచ్చును?

అయితే 1899లో సికిందరాబాదు మహబూబు కళాశాల ప్రధానాచార్య పదవి ఆయనకు వచ్చెను. 1893లో స్వామి వివేకానందులు వచ్చి ఉపన్యసించిన స్థలమది. నాయుడుగారు ఆ పదవి నంగీకరించిరి. 1904 వరకు అచ్చట నుండిరి. 1905లో కాకినాడ పిఠాపురము రాజావారి కళాశాలకు ప్రధానాచార్యులై వచ్చి, 1919 వరకు పదునాలుగు సంవత్సరములు ఆ పీఠముమీద నుండిరి. కాకినాడలో ఆయన చేసినదే మా ముఖ్య విషయము.

పాఠశాలను నడిపించువాని పని యేమిటో, దూరమునుండి చూచువారికి తెలియదు. మనకు కనబడునది ఒక కుర్చీ, ఒక బల్ల, గంట కొట్టు బంట్రోతు. లోపలి పని వేరు. ఎవరిని చేర్చుకొనవలెను, ఎవరి జీతము మాఫీ చేయవలెను, వసతిలో ఎవరు ఎవరి ప్రక్కన భుజింపవలెను, ధర్మకర్తలను ఏ ముఖము పెట్టుకొని ద్రవ్యమడుగవలెను, పరీక్షకు పిల్లలను ఎట్లు సిద్ధపరచవలెను, ఇదంతయు ఆ కుర్చీలో కూర్చుండినవాని మీదనే పడును. పైగా నాయుడుగారి కాలము మార్పుల కాలము. 1910వ సంవత్సర ప్రాంతమున మద్రాసు విశ్వవిద్యాలయము పాత ఎఫ్. ఏ. పరీక్ష తీసివేసి ఇంటర్మీడియెటు పెట్టెను. మెట్రిక్యులేషను స్థానమున ఎస్. ఎస్. ఎల్. సి. వచ్చెను. నియమములు మారినప్పుడెల్ల కాగితములు ఎంత పెరుగునో ఈనాటి ఉపాధ్యాయులకు మేము చెప్పనేల.

తరగతిలో పాఠము చెప్పువాడు ఎంత మంచివాడైనను, తన యెదుట కూర్చుండిన పిల్లలకే చెప్పగలడు. గుమ్మము బయట నిలిచిన పిల్లవానికి అతడేమి చేయగలడు? జాలిపడగలడు, అంతే. ఆ పిల్లవాని పేరు చేర్పు పుస్తకములో వ్రాయు కలము అతని చేతిలో లేదు. నాయుడుగారికి ఇప్పుడా కలము చేతికి వచ్చెను. దానిని ఆయన ఎవరి పేర్లు వ్రాయుటకు వాడిరో చూడుడి.

అంటరానివారని త్రోసివేయబడిన కులముల పిల్లలను కళాశాలలో చేర్చుకొనిరి. చేర్చుకొనినంత మాత్రమున చాలదు, ఏలయనగా అట్టి పిల్లవానికి పట్టణములో ఇల్లు అద్దెకిచ్చువారెవరు, అన్నము పెట్టువారెవరు? గనుక కాకినాడలో వారి నిమిత్తము వసతిగృహము ఏర్పరచిరి. తమ సొంత యింటిలో సహితము అట్టి పిల్లలను ఉంచుకొని పెంచిరి. మిల్లరు దొరగారి వసతిగృహములు చూచిన కన్ను ఇచ్చట పని చేసినదని మా తలంపు. దొరగారు కట్టించినవి దూరపు ఊళ్లనుండి వచ్చినవారికి. శిష్యుడు ఏర్పరచినది పట్టణము నడిబొడ్డున నున్నను ఎవరి గుమ్మమును ఎక్కరాని వారికి.

ఆడపిల్లలను మగపిల్లలతో కూడ ఒకే కళాశాలలో చదువనిచ్చిరి. వారియొద్ద జీతము పుచ్చుకొనలేదు. నూరు సంవత్సరములకు పైబడిన నాటి సంగతి ఇది. మన సంఘములోనే కొందరు తండ్రులు పదవ తరగతి కాగానే కుమార్తెను బడి మాన్పించుచున్నారు గనుక, ఇది పాత కథ యని మేము అనలేము.

బీద విద్యార్థుల నిమిత్తము తమ జీతములో పెద్ద భాగము వెచ్చించెడివారు. అంతటితో ఆగక, ధనవంతుని హృదయమును సహితము తిప్పిరి. పిఠాపురపు యువరాజు సూర్యారావు బహద్దూరుగారు ఆయనను గురువుగా భావించెను. ఆ రాజా ద్రవ్యముతోనే కాకినాడలో అనాథ శరణాలయము వెలసెను; ఆడపిల్లల చదువునకు, అణగద్రొక్కబడిన జాతుల పిల్లల చదువునకు ఆ రాజా చేయి తోడాయెను. తరగతిలోని ఉపాధ్యాయుడు రాజాను అడుగుట కష్టము. ప్రధానాచార్యుడు అడుగవచ్చును, అడుగవలెను కూడ. అడుగుట సిగ్గుపని యని మన గ్రామములలో చాలమంది ఎంచుచున్నారు. తనకొరకు అడుగుట సిగ్గు కావచ్చును. పిల్లలకొరకు అడుగుటకు నాయుడుగారు సిగ్గుపడినట్టు కనబడదు.

మరి సుద్దముక్క సంగతి యేమాయెను? మన ఉపాధ్యాయుని దుఃఖము అదే కదా. నాయుడుగారు కాకినాడలోను తరగతికి పోవుట మానలేదు. ఆంగ్ల సాహిత్యము ఆయన చెప్పుచుండగా విన్నవారు జీవితాంతము దానినిగూర్చి చెప్పుకొనిరి. భావకవి యని పేరొందిన దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు ఆ కళాశాలలో ఆయన శిష్యులే. శిష్యులు ఆయనను కులపతి యనిరి, బ్రహ్మర్షి యనిరి, అపర సోక్రటీసు అనిరి. కచ్చేరి గుమాస్తాకు ఎవరును అట్టి పేర్లు పెట్టరు.

అయినను పోయినది ఏమియు లేదని మేము చెప్పము. రోజంతయు తరగతిలో నుండువానికి దొరకు చనువు, కొన్ని గంటలు మాత్రమే వచ్చువానికి దొరకదు. పేర్లు మరచిపోవును. వెనుక వరుసలో కూర్చుండి ఏమియు అర్థము కాక కన్నులు దించుకొను పిల్లవాడు కచ్చేరి గదినుండి కనబడడు. మేమును కాపరి పనిలో దీనిని ఎరుగుదుము. ఒక్క గ్రామము మా చేతిలోనున్నప్పుడు ప్రతి యింటి పొయ్యి ఎప్పుడు వెలుగునో మాకు తెలియును. ఏడు గ్రామములు అప్పగించిన తరువాత పండుగకు పోయి, ముసలామె మరణించి రెండు నెలలైనదని తెలిసి, గుమ్మములో నిలిచి తల వంచుకొన్న దినము కలదు. ఆ కుటుంబమువారు మమ్మును ఒక్క మాట అనలేదు. అన్నయెడల బాగుండునని ఇప్పటికిని తోచును.

గనుక పదవి ఉచితముగా దొరకదు. నాయుడుగారు ఆ వెల చెల్లించిరి. చెల్లించినదానికి బదులుగా గుమ్మము తెరచిరి.

ఆ తరువాతి సంగతులు త్వరగా చెప్పుదుము. ప్రభుత్వము ఆయనకు 1924లో సర్ బిరుదము నిచ్చెను. 1925లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులై, 1928 వరకు ఆ పని చేసిరి. ఇప్పుడు వైస్ చాన్సలరు అందురు. అదే పదవిలో 1901 మొదలు 1904 వరకు ఆయన గురువగు మిల్లరు దొరగారుండిరి. గురువు కూర్చుండిన కుర్చీలో శిష్యుడు కూర్చుండెను; అయితే దొరగారు 1923లోనే స్కాట్లండులో నిద్రించియుండిరి గనుక చూడలేదు. ఆ కాలముననే, 1926లో, తెలుగువారికి వేరుగా ఆంధ్ర విశ్వవిద్యాలయము ఏర్పడెను. నాయుడుగారు చివరి దినములు కాకినాడలో గడిపి, 1939 మే 26న కన్ను మూసిరి.

ఇదంతయు మేము ఒక కాగితముమీద వ్రాసికొని, తరువాతి శనివారము సాయంకాలము ఆ ఉపాధ్యాయుని యింటికి పోతిమి. తాలిపేరు కాలువ గట్టుమీద నడుచుచు అతనికి చెప్పితిమి. అతడు మధ్యలో ఏమియు అనలేదు. చేర్పు పుస్తకము సంగతి వచ్చినప్పుడు మాత్రము ఆగి నిలిచెను.

మన చర్ల చుట్టుప్రక్కల అడవి అంచున, ఛత్తీస్‌గఢ్ వైపునుండి వచ్చి గుడిసెలు వేసికొన్న కోయ కుటుంబములున్నవని మీకు తెలియును. వారి పిల్లలలో కొందరికి పుట్టిన తేదీ పత్రము లేదు, కుల పత్రము లేదు, ఏ కాగితమును లేదు. వారు బడి గుమ్మమువరకు వచ్చి తిరిగి పోవుట తాను చాలమారులు చూచితినని అతడు చెప్పెను. చట్టము ఏమి చెప్పుచున్నదని మేమడిగితిమి. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ప్రకారము, వయస్సు రుజువు పత్రము లేదను కారణమున ఏ పిల్లవానిని బడిలో చేర్చుకొనకుండ త్రిప్పి పంపకూడదని అతడే చెప్పెను. చట్టము తెలియును, ఇన్నాళ్లు కలము మాత్రము తన చేతిలో లేకుండెను.

చీకటి పడుచుండగా ఇంటికి తిరిగి వచ్చితిమి. అతడు పదవి పుచ్చుకొందునని గాని, వద్దని గాని ఆ సాయంకాలము చెప్పలేదు. రెండు వారములు గడచిన పిమ్మట సోమవారమున మేము బడి ప్రక్కనుండి సైకిలుమీద పోవుచు లోపలికి చూచితిమి. ప్రధానోపాధ్యాయుని గదిలో ఎవరును లేరు. అయిదవ తరగతి గదిలో అతడు నల్లబల్లమీద భిన్నములు వేయుచుండెను. మొదటి గంట తనకే ఉంచుకొనెనని బంట్రోతు మాతో చెప్పెను. మధ్యాహ్నము అతడే మా యింటికి వచ్చి, గుడిసెల పిల్లలు పదునొకండుమంది చేరిరనియు, వారికి తెలుగు సరిగా రాదు గనుక కోయ మాటయు తెలుగును రెండును వచ్చిన యువతి మన సంఘములో ఎవరైన నున్నయెడల ఉదయము ఒక గంట వచ్చి కూర్చుండగలదేమో విచారింపుడనియు అడిగెను. అట్టివారు మీలో ఎవరైన నున్నయెడల ఆదివారము ఆరాధన తరువాత మాతో చెప్పగలరు.